ఇంట్లో చదివించేవాళ్లు లేని పిల్లలకు టీచర్‌గా మనం ఏం చేయగలం?

ప్రశ్న (సోషల్ టీచర్, బోరబండ):
అందరికీ నమస్కారం. 2024 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది, బోరబండ వైపు ఒక గవర్నమెంట్ హైస్కూల్లో చెబుతున్నాను. సెవెన్త్‌లో 38 మంది. కొందరి అమ్మానాన్నలు టెన్త్ దాకా చదివారు, ఇంట్లో ఫోన్ ఉంది, ట్యూషన్‌కు పంపుతారు. ఇంకో పది మంది పాలమూరు నుంచి, ఒడిశా నుంచి బిల్డింగ్ పనులకు వచ్చినవాళ్ల పిల్లలు, దసరాకు చేరినవాళ్లు ఉగాదికి ఉంటారో లేదో చెప్పలేం. పోయిన వారం నదుల మీద చార్ట్ చేసుకురమ్మన్నాను. ట్యూషన్ పిల్లలు కలర్ ప్రింట్లు అంటించుకొచ్చారు. ఒక పాలమూరు అమ్మాయి ఖాళీ చేతులతో వచ్చి సాయంత్రం దాకా తల ఎత్తలేదు. నేనిచ్చిన పనే వాళ్ల మధ్య దూరం పెంచింది కదా అని నిద్ర పట్టలేదు. మీరంతా ఏం చేస్తున్నారు?

లెక్కల సార్, ఉప్పల్:
మేడమ్, 22 ఏళ్లుగా చెబుతున్నాను. డబ్బు, ఫోన్, చదువుకున్న మనిషి ఇంట్లో ఉంటేనే అయ్యే పని ఇంటికి ఇవ్వకండి. ఆ చార్ట్ క్లాసులోనే, నలుగురికి ఒక షీటు ఇచ్చి, అట్లాస్ ముందు పెట్టి చేయించండి.

ఇంకోటి, ఎవరిని ప్రశ్న అడుగుతున్నామో ఒకసారి చూసుకోవాలి. నేను ఒక వారం అటెండెన్స్ పక్కన పెట్టుకుని, అడిగిన ప్రతిసారీ ఆ పేరు దగ్గర చుక్క పెట్టాను. చుక్కలన్నీ ముందు బెంచీల్లో ఆరేడు పేర్ల దగ్గరే ఉన్నాయి, వెనక వరుసలో ఒక్కటీ లేదు, అది చూసి చాలా బాధేసింది. అడిగాక ఆగడం కూడా నేర్చుకోవాలి. 1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ క్లాసుల రికార్డింగులు విని చూస్తే, టీచర్లు జవాబు కోసం దాదాపు ఒక్క సెకనే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. నేను మనసులో మూడు లెక్కపెట్టుకుంటాను, మొదట్లో చాలా కష్టంగా ఉండేది.

ఆటో డ్రైవర్ గారి అమ్మాయి:
మేడమ్, నేను టీచర్‌ని కాదు, మీ క్లాసులో ఉండేలాంటి పిల్లని. ఎయిత్‌లో మా తెలుగు మేడమ్ నన్ను కూర్చోబెట్టి ఎన్ఎమ్ఎమ్ఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్షకు అప్లికేషన్ నింపించారు. అలాంటి పరీక్ష ఒకటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం నాన్న ఒక రోజు ఆటో ఆపి మీసేవ చుట్టూ తిరిగాడు. అప్పుడు నెలకు 500, ఇప్పుడు ఏడాదికి 12,000, నైన్త్ నుంచి ఇంటర్ దాకా ఇస్తారు. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు, సెవెన్త్‌లో 55 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకు 50. అంటే మీ పిల్లలకు ఈ ఏడాది మార్కులే లెక్క. ఆధార్‌లో, స్కూల్లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూడండి. వచ్చాక ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి, ఆ సంగతి తెలియక ఆగిపోయినవాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. డబ్బు కన్నా, నువ్వు రాయగలవు అని ఒకరు అనడం నాకు ఎక్కువ పనిచేసింది.

ఇంకో టీచర్, చాంద్రాయణగుట్ట:
అన్నీ మంచి మాటలే, కానీ పోస్టులు ఖాళీగా పెట్టి, ఆన్‌లైన్ ఎంట్రీలన్నీ మాతో చేయించి, దూరం కూడా టీచరే తగ్గించాలంటే ఎలా అండి?

లెక్కల సార్, ఉప్పల్:
మీరన్నది నిజం, దాని గురించి యూనియన్‌లో కొట్లాడుతూనే ఉన్నాం. కానీ పోస్టు నిండేసరికి ఈ పిల్లలు టెన్త్ దాటిపోతారు.

మేడమ్, వలస పిల్లల గురించి చెప్పడం మరిచాను. టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని విద్యా హక్కు చట్టంలోనే ఉంది, అయినా చాలామంది తల్లిదండ్రులను వెనక్కి పంపేస్తారు. వెళ్లిపోయే పిల్లల చేతికి నేను ఒక అరపేజీ రాసిస్తాను: ఏ పాఠం దాకా అయింది, ఎంతవరకు చదవగలదు, దేనికి భయపడుతుంది. అక్కడి టీచర్ మళ్లీ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు.

సోషల్ టీచర్, బోరబండ:
అందరికీ థాంక్స్. ఈరోజు చార్ట్ క్లాసులోనే చేయించాను. ఆ అమ్మాయిది మక్తల్ వైపు, కృష్ణ తెలంగాణలోకి వచ్చేది అక్కడే. భీమా నది కృష్ణలో ఎక్కడ కలుస్తుంది అని అడిగి, సార్ చెప్పినట్టు ఆగాను. మూడు సెకన్లు కాదు, ఇంకా ఎక్కువే ఆగాను. లేచి వచ్చి అట్లాస్‌లో వేలు పెట్టి చూపించి, మా అవ్వ వాళ్ల ఊరు ఇక్కడే మేడమ్ అంది. ట్యూషన్ పిల్లలు నీళ్లు ఎంత లోతుంటాయని ఆ అమ్మాయినే అడుగుతూ కూర్చున్నారు.