చెరువు శిఖంలోంచి బీటీ రోడ్డు: చేపల సంగతి కూడా చూడాలా, అక్కర్లేదా?

అలుగునీళ్లు (దేవరకొండ వైపు)

మా ఊరి నుంచి అవతలి తండాకు బీటీ రోడ్డు మంజూరైంది. మొత్తం రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. అందులో నాలుగు వందల మీటర్ల దాకా మా చెరువు శిఖంలోంచే, అంటే చెరువు నిండితే మునిగే నేలలోంచే పోతుంది, వాగు వచ్చి చెరువులో కలిసే చోట దాన్ని దాటుతుంది. పోయిన నెల, మే ఆఖర్లో సర్వేకు వచ్చారు. అప్పుడు శిఖమంతా నెర్రెలు బారి ఉంది, మేకలు మేస్తున్నాయి. గ్రామసభలో చదివిన కాగితంలో "నీటి వనరులపై చెప్పుకోదగ్గ ప్రభావం లేదు" అని ఒక్క లైను. వాగు మీద రెండు వరుసల హ్యూమ్ పైపులు (గుండ్రటి సిమెంటు పైపులు) వేస్తారట.

రోడ్డు వద్దని నేను అనడం లేదు. ఊర్లో నోరు తెరిస్తే చాలు అభివృద్ధికి అడ్డం పడుతున్నావంటున్నారు కాబట్టి ముందే చెప్తున్నా. నేను అడిగేది ఒకటే: ఎండిన చెరువును చూసి చేపలకు ఏమీ కాదని ఎట్లా రాస్తారు?

మాది చేపలు పట్టే కుటుంబం. మృగశిర దాటి మొదటి గట్టి వానకు వాగు పారిందంటే ఆ రాత్రే చేపలు ఎదురెక్కుతాయి. జెల్లలు, పరకలు, కొర్రమట్టలు, చెరువులోంచి వాగులోకి, వాగులోంచి పక్కన నిలిచిన చిత్తడిలోకి పోతాయి. తుంగ, జమ్ము ఉన్న మోకాలి లోతు నీళ్లలో గుడ్లు పెడతాయి. కొర్రమట్ట అయితే గడ్డిని పక్కకు తోసి పళ్లెమంత జాగా చేసుకుంటుంది. పిల్లలు బయటికొచ్చాక నీటి మీద దోసెడు కుంకుమ పోసినట్టు ఎర్రటి గుంపు కదులుతుంటుంది. కిందనే పెద్ద చేప కాపలా. చెయ్యి పెట్టామా, మీదికొస్తుంది.

2016 నుంచి సర్కారు ఉచితంగా పోస్తున్నవి బొచ్చె, రవ్వ, మెరిగె పిల్లలు. ఇవి నిలవ నీటి చెరువులో గుడ్లు పెట్టవు, వాటికి పారే నది కావాలి. అందుకే ఏటా పోస్తేనే ఏటా వలలో పడతాయి. ఎవరూ పోయకుండా తనంతట తాను పుట్టే చేప ఆ శిఖం అంచున పుడుతుంది. రోడ్డు కట్ట వచ్చేది సరిగ్గా అక్కడే.

పక్క ఊర్లో ఐదారేళ్ల కింద ఇట్లాంటి రోడ్డే పడింది. పైపు దిగువ మూతి దగ్గర నీళ్లు దుంకి దుంకి నేల కోసుకుపోయింది. ఇప్పుడు పైపు అంచుకూ కింద మడుగుకూ మధ్య రెండు జానల ఎత్తు ఉంది. పోయిన ఏడు ఆరుద్రలో టార్చిలైటు పట్టుకుని పోయి చూశాను. పరకలు ఎగిరి సిమెంటుకు కొట్టుకుని పడుతున్నాయి, మళ్లీ ఎగురుతున్నాయి. పొట్టలు గుడ్లతో ఉబ్బి ఉన్నాయి. పైపు లోపల ఒక్క చేప లేదు. తెల్లారేసరికి పిల్లలు దోమతెర తెచ్చి ఆ మడుగును తోడుకుపోయారు.

ఇంత చిన్న రోడ్డుకు కూడా చేపల లెక్క, చిత్తడి నేల లెక్క చూడమని అడగడం తప్పా? మీరు చెప్పండి.

తండాబాట

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ నేను ఆ రోడ్డుకే అవతలి కొసన, తండాలో ఉండేవాణ్ణి. రెండేళ్ల కింద వానాకాలంలో మా వదినకు నొప్పులొస్తే 108 బండి వాగు అవతలే ఆగిపోయింది. ట్రాక్టర్ ట్రాలీలో గడ్డి పరిచి, మీద టార్పాలిన్ పట్టుకుని వాగు దాటించాం. ఆమె చెయ్యి నా చెయ్యిని ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పటికీ గుర్తే.

సర్వే, అంచనా, మళ్లీ సర్వే అంటూ పోతే ఒక ఏడాది పోతుంది. ఏడాది పోతే నిధులు వెనక్కి పోతాయి, మళ్లీ ఎప్పుడొస్తాయో దేవుడికే ఎరుక. పెద్ద పెద్ద రిజర్వాయర్లు కట్టిన రోజు చేపలను ఎవరూ అడగలేదు. మా తండా రోడ్డు దగ్గరికొచ్చేసరికి గుర్తొచ్చాయా?

మొరం లెవల్ (పాలమూరు)

రోడ్డు పనుల్లో పదిహేనేళ్లుగా ఉన్నాను. ఉన్నమాట చెప్తాను. కల్వర్టు డిజైన్ చేసేటప్పుడు మేం చూసేవి వాగుకు ఎంత మేర నీళ్లొచ్చి చేరతాయి, గరిష్ఠ వరద మట్టం ఎంత, పైపులోంచి ఎన్ని నీళ్లు పోతాయి, రోడ్డు మునుగుతుందా లేదా. నీళ్లు కిందికి పోవాలన్నదే మా లెక్క. పైకి పోయేది ఒకటుంటుందని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు, సైటులోనూ ఎవరూ అడగలేదు.

అయినా చేపల వాళ్లు కొంచెం ఎక్కువ భయపడుతున్నారేమో అనిపిస్తుంది. కొర్రమట్ట గాలి పీల్చే చేప. తడి నేల మీద పాక్కుంటూ ఒక కుంట నుంచి ఇంకో కుంటకు పోతుంది. దానికి పైపు ఒక అడ్డమా?

ఇంకోటి, పీఎంజీఎస్‌వై (కేంద్రం పల్లె రోడ్ల పథకం) రోడ్లకైతే డీపీఆర్, అంటే పూర్తి ప్రాజెక్టు నివేదిక, రాసే ముందు ఊరివాళ్లతో కలిసి దారి పొడవునా నడవాలన్న నియమం ఉంది. ట్రాన్సెక్ట్ వాక్ అంటాం. చెట్లు, బావులు, ఎవరి భూమి ఎంత పోతుంది, నీళ్లు ఎటు పారతాయి, అన్నీ అక్కడే చెప్పొచ్చు. మీ చేపల సొసైటీ వాళ్లు ఆ నడకకు వచ్చారా?

అలుగునీళ్లు

మా రోడ్డు ఏ పద్దు కిందిదైనా, నడిచినప్పుడు సర్పంచు, భూములు పోయే రైతులు ఉన్నారు సార్. మత్స్య సహకార సంఘాన్ని పిలవలేదు. మాకు చెరువు మీద హక్కు నీళ్లున్నప్పుడే అనుకున్నారేమో, మేలో మేం గుర్తుకు రాలేదు.

కొర్రమట్ట పాకే మాట నిజమే. మా తాత వాన రాత్రి గట్టు మీద పట్టుకున్నాడు కూడా. కానీ అది తడి గడ్డిలో, చదును నేల మీద. నిలువెత్తు మొరం కట్ట ఎక్కి, తారు దాటి అవతలికి దిగదు. జెల్ల, పరక అసలే పాకవు. దాటడం ఒక్కటే కాదు సార్, కట్ట కింద పోయే ఆ నాలుగు వందల మీటర్ల పల్లం నీళ్లే దాని పురిటిల్లు.

పల్లపు నేల (వనపర్తి)

నేను ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్తాను. చట్టం ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో చెప్పాలనిపించింది, ఎందుకంటే చాలామంది "రక్షిత చేప" అని ధీమాగా అనేస్తుంటారు.

కొర్రమేనును, అంటే మన కొర్రమట్టనే, 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. అది గౌరవం. వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో ఆ చేప లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాతీయ, రాష్ట్ర రహదారుల గురించి మాట్లాడుతుంది, పల్లె రోడ్డు దాని కిందికి రాదు. పోనీ చెరువు చిత్తడి నేలే కదా అంటే, 2017 చిత్తడి నేలల నియమాలు సాగునీటి కోసం మనిషి కట్టిన చెరువులను నిర్వచనంలోంచే తీసేశాయి. వరి పొలాలనూ, నదీ మార్గాలనూ కూడా. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో సాగుకు కట్టని చెరువు ఎక్కడుంది చెప్పండి! కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టుగా కట్టుకుంటూ వచ్చినవే. కొంగ, తుంగ, తాబేలు ఆ చెరువును ఎవరు కట్టారని అడగవు.

2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 2.25 హెక్టార్లకు మించిన 2,01,503 చిత్తడి నేలలను 2010 చిత్తడి నేలల నియమాల్లోని నాలుగో నియమం సూత్రాల ప్రకారం కాపాడాలని చెప్పింది. ఆ లెక్క ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసిన జాతీయ పట్టికలోది. మీ చెరువు అందులో ఉందేమో చూడండి.

ఇంకొకటి. మన చెరువుల్లో కాళ్లు లోపలికి లాక్కుని కింది పెంకు మూసుకునే తాబేలు ఉంటుంది చూశారా, అది మాత్రం వన్యప్రాణి చట్టం ఒకటో షెడ్యూలులో ఉంది. అంటే పులితో సమానం. ఆడవి గుడ్లు పెట్టడానికి గట్టెక్కుతాయి. శిఖంలో రోడ్డు పడితే వాటి దారికి అడ్డంగా టైర్లు తిరుగుతాయి. వాలుగ చేప కూడా మీ చెరువులో ఉంటే రాసిపెట్టండి, ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ) ఎర్ర జాబితాలో ముప్పు ఉన్న జాతిగా చేర్చారు.

శిఖం అంచు (అచ్చంపేట దగ్గర)

చేపల సంగతి నాకంతగా తెలియదు. నాకు చెరువు పక్కన ఎకరంన్నర ఉంది. మా దగ్గర రోడ్డు కట్ట వేశాక ఎగువ వైపు నీళ్లు కదలక రెండేళ్లు నారు కుళ్లింది. అవతలి వైపేమో సంక్రాంతికే ఎండిపోయి కంపచెట్లు మొలిచాయి. ఒకటే చెరువు, మధ్యలో గీత గీసి పంచినట్టయింది. కాబట్టి అడగడం తప్పు కాదు.

కానీ మనమూ నిజాయితీగా ఉండాలి. ఎదురెక్కే చేపను పైపు మూతి దగ్గర బుట్టలు పెట్టి పట్టేది ఎవరు? మనమే. గుడ్ల చేపను ఒక్కదాన్నీ వదలం. పైపు సరిచేసి, దాని ముందే వల కడితే ఏం లాభం?

అలుగునీళ్లు

మీరన్నది సరిగ్గా తగిలింది. మా సంఘంలో ఆరుద్ర పదిహేను రోజులు వాగులో వల వెయ్యొద్దని పెద్దవాళ్లు అనేవాళ్లు, ఇప్పుడు ఎవరూ పాటించడం లేదు. రోడ్డు వాళ్లను అడిగే ముందు మా మీటింగులో ఈ మాట పెడతాను.

సియాటిల్ నల్లగొండోడు

పానగల్ ఉదయ సముద్రం కట్ట మీద పెరిగాను, ఇప్పుడు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటున్నా. ఇక్కడ జరిగింది చెప్తాను, మనకు పనికొస్తుంది.

సాల్మన్ అనే చేప సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన వాగుకే ఎదురెక్కుతుంది. రోడ్ల కింద వేసిన కల్వర్టులు వందల చోట్ల ఆ దారి మూసేశాయి. 1850లలో చేసుకున్న ఒప్పందాల్లో ఇక్కడి ఆదివాసీ తెగలకు చేపలు పట్టుకునే హక్కు రాసిచ్చారు. చేప వచ్చే దారి మూసేసి హక్కు ఉందంటే ఎట్లా అని 21 తెగలు 2001లో కోర్టుకెక్కాయి. 2013లో కోర్టు ఆ కల్వర్టులు మార్చమని రాష్ట్రాన్ని ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టులో జడ్జీలు నలుగురు ఇటు, నలుగురు అటు అయ్యేసరికి కింది తీర్పే నిలిచింది. ఇప్పుడు వందల కోట్ల డాలర్లు పోసి రోడ్లు తవ్వి పైపులు తీసి వంతెనలు కడుతున్నారు.

ఇక్కడ చిన్న పనైనా సరే, ఫెడరల్ డబ్బో అనుమతో ఉంటే 1973 నాటి ముప్పున్న జాతుల చట్టం ప్రకారం ముందే చూస్తారు: ముప్పున్న జాతి మీద ప్రభావం లేదా, ఉన్నా హాని చేసేంత కాదా, హాని చేస్తుందా. నీళ్లలో దిగి చేసే పని ఏ నెలల్లో చెయ్యాలో కూడా చెప్తారు. చాలా చిన్న పనులకు దీంతో రోడ్డు ఆగదు, పైపు మారుతుంది.

తండాబాట

అక్కడ డబ్బులున్నాయి బ్రదర్, తవ్వి మళ్లీ కడతారు. మాకు ఒకసారి వేసిందే ముప్పై ఏళ్లు. నేను వద్దనేది చేపలను కాదు, ఆలస్యాన్ని.

అలుగునీళ్లు

తమ్ముడూ, ఒకసారి వేసిందే ముప్పై ఏళ్లు ఉంటుందని నువ్వే అన్నావు. పైపు తప్పుగా పడితే ముప్పై ఏళ్లు చేప ఎక్కదు.

ఆలస్యం సంగతికొస్తే, ఇప్పుడు జూన్ మొదటి వారం. టెండరు ఇంకా పిలవలేదు. పిలిచి, అగ్రిమెంటు అయ్యేసరికి వానలు సగమవుతాయి. మా శిఖం నల్లరేగడి, వానాకాలంలో అందులో రోలర్ దిగదు. దసరా దాటాకే పని మొదలవుతుందని పల్లెలో ఎవరినడిగినా చెప్తారు. అంటే రోడ్డు ఎట్లాగూ ఆగి ఉండే ఈ నాలుగు నెలల్లోనే చూడాల్సింది చూడొచ్చు. మొదటి వాన రాత్రి ఒకసారి, వాగు నిండుగా పారేటప్పుడు ఒకసారి, చెరువు అలుగు పోసినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఒకసారి. నేను అడిగే అంచనా ఇంతే. దీనికి ఒక్క రోజు కూడా మీ తండా ఆగక్కర్లేదు.

మొరం లెవల్

ఈ మాట నిజం. వానల్లో శిఖంలో మట్టి పని మేం చెయ్యం, చెయ్యలేం.

అయితే ఏం మార్చొచ్చో చెప్తాను. పైపును వాగు నేల మీద పెట్టకుండా పావు వంతు నేలలోకి దించితే లోపల ఇసుక, రాయి చేరి వాగులాగే ఉంటుంది, దిగువన ఎత్తు ఏర్పడదు. కానీ అప్పుడు నీళ్లు పోయే జాగా తగ్గుతుంది, పెద్ద పైపు తీసుకోవాలి. బాక్సు కల్వర్టు ఇంకా మంచిది, ఖర్చు ఎక్కువ. దిగువన సిమెంటు అప్రాన్ (పైపు మూతి ముందు వేసే సిమెంటు నేల) దగ్గర ఆపేయకుండా రాళ్లు పేర్చి వాలు ఇస్తే కోత తగ్గుతుంది. శిఖంలో నాలుగు వందల మీటర్లకూ అక్కడక్కడా బ్యాలెన్సింగ్ పైపులు (కట్టకు రెండు వైపులా నీళ్లు సమంగా ఉండేలా వేసేవి) వేస్తే అచ్చంపేట అన్న చెప్పిన గీత గీసినట్టు కాదు. కాజ్‌వే (వరద మీదుగా పోయేలా వేసే తక్కువ ఎత్తు రోడ్డు) మాత్రం వద్దు. చేపకు బాగుంటుంది కానీ వరదలో 108 మళ్లీ ఆగిపోతుంది.

ఎస్టిమేటు మారాలంటే నోటి మాటతో కాదు. వరద మట్టం, వాగు అడుగు మట్టం, ఫొటోలు, తేదీలు కాగితం మీద ఉండాలి. అప్పుడు మా పై ఆఫీసరు కూడా సంతకం పెట్టగలడు.

పల్లపు నేల

ఫొటోలో కొలత తెలిసేలా పక్కన స్కేలు పెట్టండి. ఏ చేప, పొట్టలో గుడ్లున్నాయా, ఎటు పోతోంది, నీటి లోతు ఎంత. నా విద్యార్థులను ఇద్దరు ముగ్గురిని తీసుకుని మొదటి వానకు వస్తాను, ఫోన్ చెయ్యండి చాలు.

తండాబాట

అన్నా, మీటింగు పెట్టినప్పుడు మా వైపు నుంచి నేనొస్తా. 2020 అక్టోబర్ వరదకు వాగు ఎంత ఎత్తు వచ్చిందో మా దగ్గర ఒక ముసలాయన చింతచెట్టుకు గొడ్డలి గాటు పెట్టాడు. మీ వైపు కూడా అట్లాంటి గుర్తు ఎవరైనా పెట్టారేమో అడుగు. పైపు సైజు దాన్నిబట్టి అడుగుదాం. పెద్ద పైపు పడితే మాకూ మంచిదే.

అలుగునీళ్లు

మా అలుగు రాయి మీద ఉంది, సున్నం గీత. రేపు పొద్దున పోయి టేపుతో కొలిచి ఫొటో ఇక్కడే పెడతాను.