అప్‌డేట్: క్యాంపర్ వ్యాన్ రెండో బ్యాటరీ ఇప్పుడు నిండుతోంది

మూడు గంటలు నడిపినా వెనకున్న 100 ఆంపియర్ అవర్ ఏజీఎం (సీల్ చేసిన లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీ 12.4 వోల్టులు దాటట్లేదని, దాన్ని ఇంజన్ బ్యాటరీకి కలిపే రిలే (ఆటోమేటిక్ స్విచ్) పాడైందేమోనని అడిగాను కదా. రిలే శుభ్రంగా ఉంది. అనవసరంగా దాన్ని తిట్టుకున్నాను.

మీలో ఒకరు చెప్పినట్టు వ్యాన్ నడుస్తుండగా మీటర్ పెట్టి చూశాం (నడిపింది మా తమ్ముడు, నేను వెనక కూర్చున్నాను). స్టార్ట్ చేయగానే ఇంజన్ బ్యాటరీ దగ్గర 14.3. పావుగంటకి 12.7కి పడిపోయింది! స్మార్ట్ ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) మరి. ఇంజన్ బ్యాటరీ నిండగానే ఇంధనం ఆదా కోసం వోల్టేజీ తగ్గించేస్తుంది. నా రిలే 12.8 దగ్గర కనెక్షన్ తెంపేస్తుంది. ఇక చార్జింగ్ ఎక్కడిది?

రిలే తీసేసి 30 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జర్ (తక్కువ వోల్టేజీ వచ్చినా దాన్ని పెంచి రెండో బ్యాటరీని నింపేది) పెట్టాను. ఇంజన్ ఆగితే అదీ ఆగేలా ఇగ్నిషన్ వైరు ఇచ్చాను. పాత 6 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ తీసి 16ది లాగాను. రెండు బ్యాటరీల పక్కనే చెరో ఫ్యూజు.

అయినా మొదటి రోజు చార్జర్ మాటిమాటికీ ఆగింది, ఒకటే టెన్షన్. చూస్తే ఎర్త్ వైరుని వ్యాన్ బాడీకి బిగించే బోల్టు కింద పెయింట్ గీకలేదు, కరెంటు సరిగా పారట్లేదు! గీకి బిగించాక దారిలో 14.6 చూపిస్తోంది. రాత్రంతా ఫ్రిజ్ నడిచినా పొద్దున 12.5 ఉంది.

సోలార్ ప్యానెల్ వైరింగ్ మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.