కేవీకేలు (కృషి విజ్ఞాన కేంద్రాలు), పరిశోధన స్థానాలు మీకెందుకు పనికొచ్చాయి? గోదావరి జిల్లాల వాళ్లు చెప్పండి

పాలకొల్లు_సైన్స్‌టీచర్:
నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర జడ్పీ హైస్కూలు. బడి వెనక ఖాళీ స్థలంలో పిల్లలతో బీర, సొర పెట్టించాను. తీగ బాగా పాకింది, పూత విపరీతం. పిందె మాత్రం వేలెడంత అయ్యాక పసుపెక్కి రాలిపోతోంది. యూరియా వేసినా మార్పు లేదు. ఇదొకటి. రెండోది, తొమ్మిదో తరగతి వాళ్లని ఒకరోజు యూనివర్సిటీ వాళ్ల కేంద్రం దేనికైనా తీసుకెళ్దామనుకుంటున్నా. మార్టేరు వరి పరిశోధన స్థానమా, ఉండి కేవీకేనా, వెంకట్రామన్నగూడెం ఉద్యాన యూనివర్సిటీయా? తేనెటీగల గురించి కూడా చెప్పే చోటైతే మంచిది.

మిద్దెతోట_రాజమండ్రి:
మేస్టారూ, ముందు రాలిన పిందె ఒకటి కోసి చూడండి. లోపల పురుగుంటే అది పండుఈగ. పురుగు లేకుండా ఊరికే వడిలిపోతే పరాగం అందలేదన్నమాట. బీర, సొర, గుమ్మడి వీటన్నిటికీ ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. పువ్వు కింద బుల్లి కాయ ఉన్నదే ఆడది. యూరియా ఆపేయండి, ఆకూ మగపూలే పెరుగుతాయి.

ఇంకో సంగతండీ. బీర సాయంత్రం విచ్చుకుంటుంది, సొర పొద్దువాలాక. మీ పిల్లలు ఇంటికెళ్లిపోయాక! సొరపువ్వు మీద రాత్రి తిరిగే రెక్కల పురుగులు వాలాలి. అవి రాకపోతే మనమే చెయ్యాలి. అప్పుడే విచ్చిన మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడపువ్వు నడిమిన మెల్లగా రాయండి. గుమ్మడికైతే తెల్లవారుజామునే, ఎండెక్కితే ముడుచుకుపోతుంది. కలవచర్ల కేవీకే మాకు దగ్గర, ఇవన్నీ అక్కడ అడిగి తెలుసుకున్నవే.

కాలవగట్టు_రైతు:
ఆయ్, తేనెటీగల గొడవ తోటలోళ్లకండీ. వరికి దాని పుప్పొడి దానికే చాలు. మార్టేరంటే మాకు విత్తనం. 1925లో పెట్టిన స్థానం. 1982లో వచ్చిన స్వర్ణ వరి రకం అక్కడిదే, ఎంటీయూ 7029 అంటే అదే. బెంగాలు, ఒడిశా దాకా పోయింది. మా నాన్నగారు సార్వాకి, అంటే వానాకాలం పంటకి, ఇంకోటి వేస్తే ఒప్పుకునేవారు కాదు.

మీటింగుల సంగతి మాత్రం అడక్కండి. ఒక ఆఫీసు వాళ్లు, పేరెందుకు లెండి, సరిగ్గా కోతలప్పుడు రైతు సదస్సు పెట్టారు. ఉప్మా, ఫోటో, సంతకం, అంతే. ఎక్కడికెళ్లినా తెగులు పట్టిన దుబ్బుని వేళ్లతో సహా పీకి పట్టుకెళ్లండి. మొక్క చేతిలో ఉంటే సైంటిస్టు గారు కూడా కుర్చీలోంచి లేస్తారు.

అంబాజీపేట_కొబ్బరి:
రైతుగారూ, మీ గట్టు మీద కొబ్బరి చెట్లు లేవా అండీ? మన పొడుగు చెట్టు గెలలో మగపూలు ముందు రాలిపోతాయి, ఆడపూలు తర్వాత సిద్ధమవుతాయి. పక్కచెట్టు పుప్పొడి గాలికో తేనెటీగకో రావాల్సిందే. గంగాబొండం లాంటి పొట్టిరకాల్లో రెండూ ఒకేసారి కలుస్తాయి కాబట్టి సొంత పుప్పొడే సరిపోతుంది. ఈ రెండిటినీ కలిపి అంబాజీపేట కొబ్బరి పరిశోధన స్థానం వాళ్లు చేసిన సంకర రకమే గోదావరి గంగ. కొబ్బరి నెలనెలా గెల వేస్తుంది కనక తోటలో తేనెటీగకి మేత కరువుండదు.

కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ వచ్చి ఆకులన్నీ మసి పట్టినప్పుడు షాపులో మందు కొనుక్కుని కొట్టినవాళ్లు చాలామంది. ఆ దోమలో గుడ్లుపెట్టి చంపే ఎన్‌కార్సియా కందిరీగ కూడా దాంతో పోతుంది, దోమ మళ్లీ లేస్తుంది. అంబాజీపేటలో ఇసారియా అనే శిలీంధ్రం తయారుచేసి ఇస్తారు, నీళ్లలో కలిపి కొట్టుకోవాలి. వెంటనే ఫలితం కనపడదు, అదే చాలామందికి నచ్చదు.

కొబ్బరి కింద కోకో ఉన్నవాళ్లకో మాట. కోకో పువ్వు పని చేసేది తేనెటీగ కాదు, కంటికి ఆనీఆనని సన్నదోమ. అది కుళ్లిన ఆకుల్లో, నరికిన అరటి బోదెల్లో పుడుతుంది. కాబట్టి తోట అద్దంలా ఊడ్చేయకండి. నల్లకాయ తెగులు పట్టిన కాయల్ని మాత్రం ఏరి బయటపడేయండి.

మెట్ట_పామాయిల్:
మా మెట్టలో ఇంకో చిత్రం. పామాయిల్‌కి పరాగం పట్టించేది ఆఫ్రికా ముక్కుపురుగు. దాన్ని 1985లో కేరళకి తెప్పించారు. అంతకుముందు మనుషులు చేత్తో పుప్పొడి పట్టించాల్సి వచ్చేదట. పెదవేగిలో పామాయిల్ పరిశోధన సంస్థకి వెళితే పిల్లలకి ఇది చూపించమనండి, మగగెల మీద గుంపులుగా ఉంటాయి.

ఏజీ_ఫైనలియర్:
నేను బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది, రావెప్‌లో ఉన్నాను. రావెప్ అంటే ఊళ్లో ఉండి రైతు దగ్గర పని నేర్చుకోవడం. కాలవగట్టు గారూ, వరికి తేనెటీగతో పని లేదు, నిజమే. కానీ తేనెటీగకి వరితో పనుంది, పుప్పొడి కోసం వస్తుంది. వరిపూత విచ్చేది దాదాపు ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు లోపు. ఆ వేళలో మందు కొడితే గింజకట్టుకీ నష్టం, ఈగలకీ నష్టం. వరిలో దోమకి కొట్టే మందులు ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ తేనెటీగలకి బాగా విషం. సాయంత్రం కొట్టండి.

మేస్టారూ, మీ పిల్లలకి చెప్పండి: పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది, అది చదివినవాళ్లు అగ్రిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీఎస్సీకి రావచ్చు. నాకు ఇంటర్ అయ్యేదాకా ఎవరూ చెప్పలేదు.

కాలవగట్టు_రైతు:
సాయంత్రం కూలీ దొరకాలి కదా బాబూ. అందరూ పొద్దున్నే వస్తామంటారు, పదకొండుకల్లా ట్యాంకు దించేసి పోతారు. గట్టు మీద కంది, కొబ్బరి ఉన్న మాట నిజమే. ఈ దఫా ఇద్దరు ముగ్గురు రైతులం కలిసి సాయంత్రం మనుషుల్ని మాట్లాడుకుంటాం, కుదిరితే చూద్దాం.

పాలకొల్లు_సైన్స్‌టీచర్:
పిందె కోశానండి, పురుగు లేదు. నలుగురు పిల్లలు సాయంత్రం ఆగి పువ్వులు రాస్తామంటున్నారు, వాళ్ల ఇళ్లలో అడగాలి. మార్టేరు ఎప్పుడు వెళ్లమంటారు?

ఏజీ_ఫైనలియర్:
సార్వా పూతకొచ్చే రోజుల్లో, దసరా సెలవులకి అటో ఇటో. వేసవిలో వెళ్తే చూడ్డానికి బోర్డులే ఉంటాయి. హెడ్మాస్టర్ గారి లెటరుతో ముందే రాయండి, పిల్లలెంతమందో ఏ తరగతో అందులో పెట్టండి. తేనెపెట్టె తెరిచి చూపిస్తామంటే మాత్రం ఎవరికైనా ఈగ కుడితే పడదేమో ముందే కనుక్కోండి. ఆ రోజు సెంటు కొట్టుకుని రావద్దని చెప్పండి.