ముందు కావలసింది ఆత్మవిశ్వాసమా, ఆత్మనిగ్రహమా?

ప్రశ్న (హనుమకొండ అభ్యర్థి): గ్రూప్-2 కోసం గది అద్దెకు తీసుకొని చదువుతున్నాను. మా శిక్షణ కేంద్రంలో అప్పుడప్పుడు వ్యక్తిత్వ వికాస ప్రసంగాలు ఏర్పాటు చేసి, ‘నేను సాధిస్తాను’ అని అందరిచేతా బిగ్గరగా అనిపిస్తారు. ఆ పూటకు ఉత్సాహంగానే ఉంటుంది కానీ, తరువాతి నమూనా పరీక్షలో 150కి 70 దాటకపోతే అంతా నీరుగారిపోయి, అర్ధరాత్రి దాకా రీల్స్ చూస్తూ ఉండిపోతాను. నమ్మకం కుదిరితే నిగ్రహం దానంతట అదే వస్తుందా?

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, జనగామ): రాదు నాయనా. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో స్వసామర్థ్య విశ్వాసం గురించి రాస్తూ, దానికి నాలుగు ఆధారాలు చూపాడు. వాటిలో అన్నిటికంటే బలమైనది స్వయంగా ఒక పని చేసి నెగ్గిన అనుభవం. ఇతరుల ప్రోత్సాహ వచనాలు కలిగించే నమ్మకం, పని బెడిసికొట్టగానే సడలిపోతుంది. మీ ప్రసంగాల సంగతి అదే. తెలంగాణ ఉద్యమ చరిత్రలో ఒక అధ్యాయం చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంత కాగితం మీద రాసి చూసుకోండి. రాయగలిగినంత మేరకు మీ నమ్మకానికి రుజువు ఉన్నట్టే; రాయలేకపోయిన భాగం రేపటి పని. మార్కులు ఆ తరువాతి సంగతి.

జవాబు (పర్వతగిరి పాఠకుడు): మార్కుల హెచ్చుతగ్గుల గురించి ఒక మాట. మా మండలంలోని కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్ల టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం) పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో అదే దూరానికి 55.82 సెకన్లు పట్టింది, కాంస్యం దక్కింది. ముప్పావు సెకను పెరిగినంత మాత్రాన ఆమెకు పరుగు రాదని ఎవరైనా అంటారా? ఒక్క నమూనా పరీక్షను పట్టుకొని మీ మీద మీరే తీర్పు చెప్పుకోవడం కూడా అంతే అర్థరహితం.

జవాబు (కాజీపేట నుంచి): నిగ్రహమంటే పళ్లు బిగబట్టి కోరికతో పోరాడటమని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండు ఇస్తానన్న ప్రయోగంలో, ఎక్కువసేపు ఆగగలిగినది దానివైపే చూస్తూ కూర్చున్నవారు కాదు, దృష్టిని మరోవైపు మళ్లించుకున్నవారు. అలాగని ఆనాటి ఓర్పే పిల్లల భవిష్యత్తును తేల్చేస్తుందన్న ప్రచారాన్ని నమ్మకండి. 2018లో మరింత పెద్ద సంఖ్యలో పిల్లల మీద జరిపిన అధ్యయనంలో, కుటుంబ నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం బాగా తగ్గిపోయింది. ఇంటినుంచి డబ్బు సమయానికి అందని అభ్యర్థిని పట్టుకొని ‘నీకు నిగ్రహం లేదు’ అనేవారంటే నాకు ఒళ్లు మండుతుంది. మీ చేతిలో ఉన్నది మాత్రం ఫోన్‌ను కంటికి కనబడని చోట పెట్టడం.

ప్రశ్న అడిగినవారు: ఇంటివాళ్లు రాత్రిపూట ఫోన్ చేస్తారు, పూర్తిగా ఆపేయలేను.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, జనగామ): అయితే మాటలకు సరిపోయే బటన్ల ఫోన్ ఒకటి కొనుక్కొని సిమ్‌ను దానిలోకి మార్చండి, స్మార్ట్‌ఫోన్‌ను, పాఠాల వీడియోలు కావలసినప్పుడు తప్ప, పెట్టెలో పెట్టి తాళం వేయండి. మీవాళ్లకు ఆ నంబరే కదా కావలసింది.