జేబులో చాకు పెట్టుకుని తిరిగితే తప్పేంటి?

కొండదారి: ఆఫీసుకైనా ట్రెక్కింగ్‌కైనా నా జేబులో ఓపినెల్ 8 నంబర్ మడత చాకు ఉంటుంది. బ్లేడు పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, అంతే. పార్శిల్ విప్పినా మామిడికాయ కోసినా దాంతోనే. మొన్న ఒక మాల్ గేటు దగ్గర సెక్యూరిటీ అతను అందరి ముందూ నన్ను పక్కన నిలబెట్టి చాకు లాక్కున్నాడు, మళ్లీ ఇవ్వలేదు. 9 అంగుళాల లోపు కత్తికి లైసెన్సే అక్కర్లేదు కదా, ఏ హక్కుతో తీసుకున్నట్టు?

సానరాయి: తీసుకున్నది తిరిగి ఇవ్వాల్సిందే, అందులో మీ కోపం న్యాయమే. కానీ 2016 ఆయుధ నిబంధనల్లో ఉన్నది 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన ఆయుధాల సంగతి. ఇంటిపనికి, సేద్యానికి చేసినవాటిని మినహాయించారు. లైసెన్స్ అక్కర్లేదంటే ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చని కాదండీ.

కొండదారి: నాది మూడున్నర అంగుళాలు కూడా లేదు. దానికి జవాబు చెప్పండి.

వేపచెట్టు: విమానం ఎక్కేటప్పుడు చెక్-ఇన్ బ్యాగులో వేయండి, చేతి సంచిలో వద్దు.

సానరాయి: అంగుళాలే పట్టుకుని వేలాడుతున్నారు. మీరు పోయిన నెల పెట్టిన ఫోటోల్లో మడత లేని మోరా కత్తి, మంట, వెనకాల అభయారణ్యం బోర్డు, మూడూ ఉన్నాయి. 1972 వన్యప్రాణి చట్టం 31వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ఆయుధంతో లోపలికి వెళ్లకూడదు, 30వ సెక్షన్ ప్రకారం నిప్పు పెట్టకూడదు.

కొండదారి: అయితే ఎవరూ ఏమీ నేర్చుకోవద్దా? వానకి తడిసిన కట్టె కూడా లోపల పొడిగానే ఉంటుంది. కత్తి వీపు మీద కర్రతో కొట్టి చీల్చి, లోపలి చెక్కను పలచగా వంకీలు తిరిగేలా చెక్కి, ఫెర్రో రాడ్ (గీస్తే నిప్పురవ్వలు రాలే కడ్డీ) రవ్వ వేస్తే అంటుకుంటుంది. ఇది ప్రాణం నిలిపే విద్య. మమ్మల్ని అడవి గేటు దగ్గర ఆపలేదు కూడా.

వేపచెట్టు: ఎండాకాలం నల్లమలలో రాలిన టేకాకు మీద ఆ రవ్వ పడితే ఆపడం ఎవరి తరమూ కాదు. సొంత పొలంలో నేర్చుకోండి.

సానరాయి: మిమ్మల్ని ఆపలేదు, అదే నాకు మండేది! మా నాన్న మేకలు కాసేవాడు. దోటి, గొడ్డలి లేకుండా కాపరి ఇల్లు కదలడు. అడవి అంచునే ఆయన్ని ఆపి, గొడ్డలి గుంజుకుని పొద్దుగూకేదాకా నేల మీద కూర్చోబెట్టారు. ఆయన చేతిలో ఉంటే దొంగ కట్టెలు, మీ చేతిలో ఉంటే విద్య.

కొండదారి: ఆయనకి జరిగింది ఘోరం. అందుకని నా చాకు పోయినా నోరు మూసుకోవాలా?

సానరాయి: మూసుకోమనలేదు. మాల్ గేటు గురించి ఇంత రాశారు, అడవి గేటు గురించి ఒక్క ముక్క రాయలేదు.

కొండదారి: రాస్తాను. 9 అంగుళాల మాట మాత్రం వదలను.

సానరాయి: వదలొద్దు. గొడ్డలి 2 అంగుళాల వెడల్పు దాటుతుంది, అయినా కాపరికి అది పనిముట్టే. ఆ మినహాయింపు కూడా అందులో రాయండి.