ఏఈఓ భద్రతా తనిఖీకి నెల రోజులే ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తబాధ్యత:
అందరికీ నమస్కారం. మాది ఎగుమతులు చేసే మధ్యస్థాయి కంపెనీ. ఏఈఓ (ఆథరైజ్డ్ ఎకనామిక్ ఆపరేటర్, అంటే నమ్మదగిన వ్యాపారి అని కస్టమ్స్ ఇచ్చే) గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టాం, కస్టమ్స్ అధికారులు వచ్చి చూస్తామన్నారు. క్వాలిటీలో పనిచేసే నన్ను తీసుకొచ్చి ఈ పనిలో కూర్చోబెట్టారు. ప్రశ్నావళి మా పాత మేనేజర్ నింపి వెళ్లిపోయారు. అన్నిటికీ 'అవును' అనే రాశారు! ఇప్పుడు టెన్షనంతా ఆ 'అవును'ల గురించే.

పాతస్టోర్‌కీపర్:
మీకు కావలసిన లిస్టు ఆ 'అవును'లే. ప్రింటు తీసుకుని, ఒక్కో జవాబుతో ఫ్లోర్ మీదికి వెళ్లండి. వచ్చేవాళ్లు అది చదివే వస్తారు. అందులో రాసింది గోడౌన్‌లో నిజంగా జరుగుతోందా లేదా అనేదే వాళ్లు చూస్తారు.

మా దగ్గర జరిగింది చెప్తాను. ఆఫీసరు సీల్ రిజిస్టర్ (కంటైనర్ తలుపులకి వేసే నంబరున్న సీల్స్ లెక్క) చూసి, బాగుందన్నట్టు తలూపి, "ఆ పెట్టె తెరవండి, లెక్కపెడదాం" అన్నారు. రిజిస్టర్ ప్రకారం 47 బోల్ట్ సీల్స్ ఉండాలి. పెట్టెలో 46 ఉన్నాయి. మిగిలిన ఒక్కటీ కొత్త కుర్రాళ్లకి ట్రైనింగులో చూపించడానికి వాడేశాం, రాయలేదు. అంతే. ఆ ఒక్క సీల్ చుట్టూ గంటన్నర నడిచింది. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఆయన సెలవు పెడితే ఎవరికిస్తారు, విరిగిన సీల్ ఏం చేస్తారు, పాత సీల్ ముక్కలు ఎక్కడ పారేస్తారు... పోయింది ఒక్కటే కదా అనిపిస్తుంది మనకి. నంబరున్న అసలు సీల్ బయట తిరుగుతోందంటే దానితో ఎవరైనా ఏమైనా చేయొచ్చు. వాళ్ల ఆలోచన అది.

సీల్స్ ఐఎస్ఓ 17712 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం హై సెక్యూరిటీ రకమేనా అన్నది కూడా చూసుకోండి. సీల్ మీద 'హెచ్' అక్షరం ఉంటుంది. సప్లయర్ దగ్గర టెస్ట్ సర్టిఫికెట్ కాపీ తీసుకుని పెట్టుకోండి.

గేటుదగ్గర:
స్టోర్‌కీపర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా దగ్గరైతే గేటులోనే దొరికిపోయాం. కారు దిగినాయన మంచి చొక్కా వేసుకుని, చేతిలో ఫైలు పట్టుకుని నడుస్తుంటే మా గార్డు సెల్యూట్ కొట్టి లోపలికి పంపించేశాడు. ఐడీ అడగలేదు, పేరు రాయలేదు. రిసెప్షన్‌లో కూర్చున్నాక ఆయన అడిగిన మొదటి మాట: "మీ విజిటర్ పాలసీ కాపీ ఉందా?"

తప్పు గార్డుది కాదు. ఎండీ గారి బంధువుని గేటు దగ్గర ఆపినందుకు వారం క్రితమే అతన్ని తిట్టాం. ముందు ఎండీ గారి చేత గేటు రిజిస్టర్‌లో సంతకం పెట్టించండి. గార్డుకి ధైర్యం దానంతటదే వస్తుంది.

ఏడుపాయింట్లు:
కంటైనర్ తనిఖీ గురించి ఒక మాట. ముందు గోడ, ఎడమ, కుడి, నేల, పైకప్పు, తలుపులు లోపలా బయటా, అడుగు భాగం. ఈ ఏడూ చూడాలని అందరికీ తెలుసు, చెక్‌లిస్టులో టిక్కులు పెడతారు. మమ్మల్ని అడిగింది వేరు: "లోపల దొంగ గోడ లేదని నీకెలా తెలుసు?" లోడింగ్ సూపర్‌వైజర్‌ని అడిగారు, మేనేజర్‌ని కాదు. అదృష్టవశాత్తూ అతనికి పని తెలుసు. ముందు గోడని సుత్తితో రెండుచోట్ల తట్టి చూపించి, టేపు పట్టి కొలిచాడు. మామూలు 40 అడుగుల కంటైనర్ లోపలి పొడవు 12 మీటర్ల పైచిలుకు, 20 అడుగులదైతే 5.9 దగ్గర ఉండాలి. బాగా తగ్గిందంటే ఏదో ఉన్నట్టే. ఆఫీసరు ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

సీల్ వేశాక చూసి, నంబరు కాగితాలతో సరిపోల్చి, మెలితిప్పి, గట్టిగా లాగి చూడాలి. ఈ నాలుగూ డ్రైవర్ ఎదుటే చేయించండి. సీల్ నంబరు కనిపించేలా ఫోటో కూడా తీయండి.

కొత్తబాధ్యత:
బోలెడు థాంక్స్. ఒక ఇబ్బందికరమైన ప్రశ్న. గత ఏడాది కంటైనర్ చెక్‌లిస్టులు సగం లేవు. కూర్చుని నింపేయమని మా వాళ్లు అంటున్నారు...

పాతస్టోర్‌కీపర్:
ఆ పని మాత్రం చేయొద్దు అండీ. ఒకే పెన్ను, ఒకే దస్తూరీ, ఏడాది పాత కాగితానికి ఒక మడత కూడా ఉండదు. చూడగానే తెలిసిపోతుంది. ఒక దొంగ కాగితం దొరికితే మిగతా నిజమైన కాగితాలన్నీ దొంగవే అనుకుంటారు. "ఫలానా తేదీ వరకు పెట్టలేదు, ఫలానా తేదీ నుంచి పెడుతున్నాం, బాధ్యత ఫలానావారిది" అని రాసి పెట్టండి. లోపం ఉందని ఒప్పుకున్నవాళ్లకి సరిదిద్దుకోవడానికి గడువిచ్చారు, నేను చూశాను.

సర్వర్‌రూమ్:
అందరూ గేటు, సీల్ అంటున్నారు, మా వైపు కూడా చూడండి. మానేసినవాళ్ల లాగిన్లు, బ్యాడ్జీలు ఆ రోజే ఆగుతున్నాయా? హెచ్ఆర్ దగ్గర గత ఆర్నెల్లలో మానేసినవాళ్ల లిస్టు తీసుకుని, సిస్టమ్‌లో ఇంకా బతికే ఉన్న ఖాతాలతో పోల్చండి. గంట పని. షిప్పింగ్ కాగితాలు తయారుచేసే కంప్యూటర్‌కి అందరికీ ఒకటే పాస్‌వర్డ్ ఉండి, అది మానిటర్ మీద అంటించి ఉంటే... చెప్పక్కర్లేదనుకుంటా.

రెండుసార్లువెళ్లొచ్చా:
కన్సల్టెంట్‌ని పెట్టుకోమని ఎవరో ఒకరు చెప్తారు, ముందే చెప్పేస్తున్నా. మొదటిసారి పెట్టుకున్నాం. మాన్యువల్ అద్దంలా వచ్చింది, ఎవరికీ అర్థం కాలేదు. రెండోసారి మేమే రాసుకున్నాం. సరుకు మన మిషన్ దగ్గర్నుంచి ఓడ ఎక్కేదాకా ఎవరెవరి చేతులు మారుతుందో తెల్ల కాగితం మీద గీసుకున్నాం. ఎక్కడ సరుకు ఆగుతుందో అక్కడే ప్రమాదం. మా లారీ ప్రతిసారీ ఒక ధాబా దగ్గర రెండు గంటలు ఆగుతోందని గీస్తున్నప్పుడే తెలిసింది. ట్రాన్స్‌పోర్టర్ ఎప్పుడూ చెప్పలేదు, మేమూ ఎప్పుడూ అడగలేదు.

సర్వర్‌రూమ్:
కన్సల్టెంట్లందరూ అలా ఉండరు లెండి. మాకు ఒకాయన వచ్చి అసలు తనిఖీకి ముందు రిహార్సల్ లాంటి తనిఖీ చేసి పెట్టారు, బాగా ఉపయోగపడింది. రాతపని మాత్రం మీరే చేసుకోండి, అందులో నాదీ మీ మాటే.

కొత్తబాధ్యత:
వారం తర్వాత వచ్చాను. ఎండీ గారు గేటు దగ్గర సంతకం పెట్టారు, కొంచెం గొణిగారు. హెచ్ఆర్ లిస్టు పోల్చితే మానేసిన ముగ్గురి బ్యాడ్జీలు ఇంకా పనిచేస్తున్నాయి. అందులో ఒకటి ప్రశ్నావళి నింపి వెళ్లిన మా మేనేజర్‌దే! ఇంకొకటి: ఒక లారీ వచ్చిన టైమ్ గేటు రిజిస్టర్‌లో చూసి అదే టైమ్‌కి సీసీటీవీ తెరిచాను. లారీ లేదు. కెమెరా గడియారం 23 నిమిషాలు ముందుంది.

గేటుదగ్గర:
టైమ్ సరిచేసే ముందు, ఎంత తేడా ఉందో ఏ రోజు సరిచేశారో రాసి సంతకం పెట్టుకోండి. పాత ఫుటేజీ అడిగితే అది కావాలి.