బిల్లు రాసేది కంపెనీ, పేరు మాత్రం చట్టసభ సభ్యుడిది: అలెక్ తప్పా, ఒప్పా?

డాలస్_సుబ్బు:
నిన్న ఇంట్లో భోజనాల దగ్గర దీని మీదే గొడవ. అలెక్, అంటే అమెరికన్ లెజిస్లేటివ్ ఎక్స్ఛేంజ్ కౌన్సిల్, 1973లో పెట్టారు. ఒక పక్క రాష్ట్రాల చట్టసభల సభ్యులు (ఎక్కువ మంది రిపబ్లికన్లే), ఇంకో పక్క కంపెనీల మనుషులు, అందరూ కమిటీల్లో కూర్చుని నమూనా బిల్లులు తయారు చేస్తారు. అక్కడ కంపెనీ వాళ్లకీ ఓటుంది. ఆ తర్వాత సభ్యుడు తన రాష్ట్రానికెళ్లి అది తన బిల్లే అన్నట్టు పెడతాడు. సభ్యుడు కట్టే చందా నామమాత్రం, కంపెనీలు కట్టేది వేల డాలర్లు. ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పాలా? 2011లో ఫ్లోరిడాలో ఒక సభ్యురాలు కార్పొరేట్ పన్ను తగ్గించమని తీర్మానం పెడితే, అందులో అలెక్ ఆశయం గురించిన వాక్యం అలాగే ఉండిపోయింది. పక్కవాడి పేపర్ కాపీ కొడుతూ హాల్‌టికెట్ నంబరు కూడా ఎక్కించినట్టు!

గోంగూర_ఫ్యాన్:
నవ్వొచ్చింది, ఒప్పుకుంటా. కానీ సుబ్బు గారూ, మీ టెక్సస్ సభ్యుడి జీతం ఏడాదికి 7,200 డాలర్లు, మామూలు సమావేశాలు రెండేళ్లకోసారి 140 రోజులు. న్యూ హాంప్‌షైర్‌లో అయితే ఏడాదికి 100 డాలర్లే. వేరే ఉద్యోగం చేసుకుంటూ, చాలినంత సిబ్బంది లేకుండా, బీమా మీదా కరెంటు మీదా సొంతంగా చట్టం రాయమంటే ఎలా? ఎవరో ఒకరు ముసాయిదా ఇవ్వాలి. రాష్ట్రాలకి నమూనా చట్టాలు రాసిచ్చే యూనిఫామ్ లా కమిషన్ 1892 నుంచి ఇదే పని చేస్తోంది. ప్రోగ్రెసివ్ వాళ్లకీ (అంటే వామపక్షం వైపు వాళ్లకి) స్టేట్ ఇన్నోవేషన్ ఎక్స్ఛేంజ్ అని ఇలాంటి సంస్థే ఉంది. మనకి నచ్చినవాళ్లు చేస్తే సేవ, నచ్చనివాళ్లు చేస్తే కుట్రా?

డాలస్_సుబ్బు:
రెంటినీ ఒకే గాటన కట్టకండి. లా కమిషన్‌లో ఉండేది రాష్ట్రాలు నియమించిన లాయర్లు. అలెక్ బిల్లులు ఎనిమిది వందలకు పైగా 2011లో సెంటర్ ఫర్ మీడియా అండ్ డెమోక్రసీ అనే నిఘా సంస్థ బయటపెట్టేదాకా మామూలు జనం కంటపడలేదు.

ఫీనిక్స్_అక్క:
మా అరిజోనా సంగతి చెప్తా. 2010లో ఎస్‌బీ 1070 అనే చట్టం వచ్చింది, అక్రమంగా ఉన్నారని అనుమానం వస్తే పోలీసులు కాగితాలు అడగాలని. అది మా రాష్ట్ర సెనేట్‌కి రాకముందే అలెక్ సమావేశంలో నమూనాగా పాసైంది. అప్పట్లో ప్రైవేటు జైళ్ల కంపెనీ ఒకటి అందులో సభ్యురాలు. ఆ చట్టంతో మాకు సంబంధం లేదని ఆ కంపెనీ అంది, నిజమో కాదో నాకనవసరం. ఆ ఏడాదంతా కూరగాయలకి వెళ్లినా మా ఆయన గ్రీన్‌కార్డు జేబులో పెట్టుకునే వెళ్లేవాడు. ఆ టెన్షన్ మాది.

కాఫీ_కబుర్లు:
2012లో ఫ్లోరిడాలో ట్రేవాన్ మార్టిన్ అనే నల్లజాతి కుర్రాడిని కాల్చి చంపినప్పుడు గొడవైన తుపాకీ చట్టం (ప్రాణభయం ఉంటే వెనక్కి తగ్గకుండా కాల్చొచ్చనేది) కూడా వీళ్లు రాసిందే కదా? కోకా కోలా, పెప్సీ ఆ ఏడాదే అలెక్ నుంచి వెళ్లిపోయాయి.

గోంగూర_ఫ్యాన్:
వరస తిరగబడింది బ్రో. ఫ్లోరిడాలో 2005లో ముందు చట్టమైంది, అలెక్ దాన్ని తర్వాత నమూనాగా తీసుకుని మిగతా రాష్ట్రాలకి పంచింది. కంపెనీలు 2012లో వెళ్లిపోయింది మాత్రం నిజం.

డాలస్_సుబ్బు:
పంచడమే కదా నేనంటున్నది! 2019లో యూఎస్‌ఏ టుడే, అరిజోనా రిపబ్లిక్ వాళ్లు లెక్కతీస్తే ఎనిమిదేళ్లలో పదివేలకు పైగా ఇలాంటి కాపీ బిల్లులు తేలాయి, 2,100కు పైగా చట్టాలయ్యాయి.

గోంగూర_ఫ్యాన్:
ఆ లెక్కలో అన్ని పక్షాలవీ ఉన్నాయి, అలెక్‌వే కాదు. సరే, ముసాయిదా ఎవరిచ్చారో బిల్లు మొదటి పేజీలో అచ్చేయమంటే నాకు ఓకే. యూనియన్లు ఇచ్చినవాటి మీద కూడా వేయాలి మరి.

డాలస్_సుబ్బు:
వేయండి, ఎవరొద్దన్నారు? ముందు ఆ బిల్లు ఎవరు రాసిస్తారో చెప్పండి.